బ్రిటన్‌లో పెన్షన్ డబ్బు: పన్ను పడకుండా ఏటా 16,760 పౌండ్లు తీసుకోవడం ఎలా?

ఉద్యోగం మానేశారు. ప్రభుత్వం ఇచ్చే స్టేట్ పెన్షన్‌కు ఇంకా నాలుగైదేళ్లు ఆగాలి. పాత కంపెనీల పెన్షన్ పాట్‌లో, అంటే మీ పేరున పోగైన పెన్షన్ నిధిలో, లక్షో లక్షన్నరో పౌండ్లు ఉన్నాయి. ఈ మధ్య కాలంలో మీకు వేరే ఆదాయం లేకపోతే, ఒక్క పౌండు పన్ను కూడా కట్టకుండా ఆ పాట్ నుంచి ఏటా 16,760 పౌండ్లు తీసుకోవచ్చు.

లెక్క చిన్నదే. పర్సనల్ అలవెన్స్ 12,570 పౌండ్లు. 2021 ఏప్రిల్ నుంచి అది కదలలేదు. ఏడాదిలో ఆ మేరకు ఆదాయానికి పన్ను లేదు. పెన్షన్ పాట్ నుంచి తీసే ప్రతి వందలో 25 పౌండ్లకు ఎలాగూ పన్ను లేదు, మిగతా 75 మాత్రమే ఆదాయం కింద లెక్క. కాబట్టి 12,570ని 0.75తో భాగిస్తే 16,760. అందులో 4,190 పన్ను లేని పావు భాగం, 12,570 అలవెన్సులో ఇమిడిపోయే ముప్పావు భాగం. జీతం మీద కోసే నేషనల్ ఇన్సూరెన్స్ పెన్షన్ ఆదాయం మీద ఉండదు.

భార్యాభర్తలిద్దరికీ ఎవరి అలవెన్సు వారిదే. ఇద్దరికీ తగినంత పాట్‌లు ఉంటే ఇంటికి ఏటా 33,520 పౌండ్లు. ఈ ఏటి అలవెన్సు ఏప్రిల్ 5 లోపు వాడకపోతే మురిగిపోతుంది, వచ్చే ఏటికి జమ కాదు. ఈ ఏడు సున్నా, వచ్చే ఏడు 33 వేలు తీశారంటే పన్ను తప్పదు.

మొదట: మీ పెన్షన్ ఏ రకమో చూసుకోండి

ఈ పద్ధతి డబ్బు పోగుపడే రకం పెన్షన్లకే, అంటే చాలా ప్రైవేటు కంపెనీల వర్క్‌ప్లేస్ పెన్షన్లు, పర్సనల్ పెన్షన్లు, సిప్‌లు (పెట్టుబడులు మీరే ఎంచుకునే పర్సనల్ పెన్షన్లు, ఇండియా మ్యూచువల్ ఫండ్ సిప్ కాదు). ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ), టీచర్లు, కౌన్సిల్ ఉద్యోగుల పెన్షన్లు జీతం, సర్వీసును బట్టి నెలనెలా వచ్చేవి. వాటి నుంచి ఇలా ముక్కలుగా తీయడం కుదరదు. పైగా అవి మొదలైతే అలవెన్సును ముందు అవే తినేస్తాయి. ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేసి, పక్కన సిప్ కూడా నడిపిన డాక్టర్లకు తెలివైన వరస ఒకటుంది. ఎన్‌హెచ్‌ఎస్ పెన్షన్ మొదలుకాక ముందున్న ఖాళీ ఏళ్లలో సిప్‌ను ఖాళీ చేయడం.

వయసు 55 నిండాలి. 2028 ఏప్రిల్ 6 నుంచి ఈ హద్దు 57 అవుతుంది. ‘55కు ముందే ఇప్పిస్తాం’ అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. అలా తీసిన డబ్బు మీద పన్నే 55 శాతం దాకా పడుతుంది. అసలు పెన్షన్ల గురించి ఇలా మీరు అడగకుండా ఫోన్లు చేయడమే 2019 జనవరి నుంచి నిషేధం.

ఏదీ తీయకముందే ప్రభుత్వ మార్గదర్శక సేవ పెన్షన్ వైజ్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోండి. 50 దాటినవాళ్లకు ఉచితం, గంటసేపు మాట్లాడతారు. ఏ ఫండు కొనాలో చెప్పరు గానీ, మీ పాట్‌కు ఏ దారులున్నాయో విడమరచి చెబుతారు.

తర్వాత: ఈ ఏటి అలవెన్సులో ఎంత మిగిలిందో లెక్కవేయండి

16,760 అనేది అలవెన్సు మొత్తం ఖాళీగా ఉన్నవారి సంఖ్య. మీ సంఖ్య వేరే కావచ్చు. ఒక కాగితం తీసుకుని ఏప్రిల్ 6 నుంచి వచ్చే ఏప్రిల్ 5 దాకా రాబోయే ఆదాయమంతా రాయండి.

జూలైలో ఉద్యోగం మానేశారనుకోండి. అప్పటికి 9,000 జీతం వచ్చింది. మిగిలిన అలవెన్సు 3,570. దాన్ని 0.75తో భాగిస్తే 4,760. ఈ ఏటికి అంతే. పూర్తి లెక్క వచ్చే ఏప్రిల్ 6న మొదలవుతుంది.

మనవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఇండియా ఆదాయం. బ్రిటన్‌లో నివసించేవారికి ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా ఇక్కడి లెక్కలోకి వస్తుంది. కొత్తగా వచ్చినవారికి తొలి నాలుగేళ్లకు వేరే నియమం ఉంది గానీ, పెన్షన్ వయసుకు వచ్చినవారిలో అది వర్తించేది అరుదు. హైదరాబాద్ ఫ్లాట్ మీద నెలకు 30,000 రూపాయల అద్దె వస్తోందనుకుందాం. ఏడాదికి 3,60,000. పౌండుకు 120 రూపాయల చొప్పున వేసుకుంటే 3,000 పౌండ్లు. తగ్గింపులేమీ వేసుకోకపోతే అలవెన్సులో మిగిలేది 9,570, పాట్ నుంచి తీయగలిగేది 12,760. ఇండియా రిటర్నులో అద్దె మీద ఇచ్చే 30 శాతం తగ్గింపు ఇక్కడ చెల్లదు. రిపేర్లు, ఏజెంటు కమీషన్ లాంటి నిజమైన ఖర్చులు, లేదా వాటికి బదులు ఏటా 1,000 పౌండ్లు తీసేయనిస్తారు. అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ క్రెడిట్ ఉంటుంది, కానీ ఇక్కడ పన్నే పడని ఏడాదిలో ఆ క్రెడిట్ దేనికీ పనికిరాదు. ఇండియా లెక్క మార్చి 31కి ముగుస్తుంది, ఇక్కడిది ఏప్రిల్ 5కి. కాబట్టి ఇండియాలో కోసిన పన్నుకు ఇచ్చే సర్టిఫికెట్‌లోని అంకెలను అలాగే దించకండి.

ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు. అది నిజమే. బ్రిటన్‌లో మాత్రం అది పన్ను లెక్కలోకి వచ్చే ఆదాయమే. అయితే వడ్డీ విషయంలో చట్టం కాస్త మెత్తగా ఉంది. వడ్డీ, డివిడెండ్లు కాని ఆదాయం, అంటే జీతం, పెన్షన్, అద్దె లాంటివి, 12,570 దాటకపోతే, ఆ పైన వచ్చే వడ్డీలో మొదటి 5,000 పౌండ్లకు సున్నా రేటు. ఆ మీద మరో 1,000 పర్సనల్ సేవింగ్స్ అలవెన్స్. అంటే పెన్షన్‌తో 12,570 నిండా వాడుకుని, 6,000 పౌండ్ల వడ్డీ కూడా పన్ను లేకుండా అందుకోవచ్చు. పెన్షన్ ఆదాయం 12,570 గీత దాటిన ప్రతి పౌండూ ఆ 5,000లో ఒక పౌండును కొరుక్కుతింటుంది. కాబట్టి ఎక్కువ వడ్డీ వచ్చేవాళ్లు గీతకు కాస్త ఇవతలే ఆగడం మంచిది. ఐసా (పన్ను లేని పొదుపు ఖాతా) నుంచి తీసేది ఈ లెక్కల్లో ఎక్కడా కనబడదు.

మ్యారేజ్ అలవెన్స్ కింద మీ అలవెన్సులో 1,260 పౌండ్లను భార్యకో భర్తకో బదిలీ చేసి ఉంటే, మీకు మిగిలింది 11,310. ఆ సంగతి మరిచిపోయి 16,760 తీసేవాళ్లున్నారు.

పావు భాగం ఒకేసారి తీయాలా, ముక్కలుగానా?

కంపెనీ పంపే ప్యాకెట్‌లో మొదటి పేజీలోనే ‘పన్ను లేని 25 శాతం ఇప్పుడే తీసుకోండి’ అని కనిపిస్తుంది. లక్ష పౌండ్ల పాట్ అయితే 25,000 చేతికొస్తాయి, మిగతా 75,000 డ్రాడౌన్‌లోకి, అంటే పెట్టుబడిగా ఉంచి కావలసినప్పుడు ఆదాయం తీసుకునే ఖాతాలోకి, వెళ్తాయి. ఇక అక్కడి నుంచి తీసే ప్రతి పౌండూ ఆదాయమే, ఏటా 12,570 దాకా పన్ను పడదు. రెండో దారిలో పాట్‌ను ముట్టుకోకుండా ఉంచి, కావలసినప్పుడల్లా ఒక ముక్క తీస్తారు. ప్రతి ముక్కలో పావు పన్ను లేనిది, ముప్పావు ఆదాయం. దీని పేరు యు.ఎఫ్.పి.ఎల్.ఎస్. పైన చెప్పిన 16,760 ఈ దారిలో వచ్చేది.

నిజానికి పాట్ పెరగకుండా ఉంటే రెండు దారుల్లోనూ అది ఖాళీ అయ్యేందుకు పట్టేది ఒకే కాలం. 75,000ని 12,570తో భాగించినా, లక్షను 16,760తో భాగించినా ఆరేళ్లకు కొంచెం తక్కువ. తేడా పెరుగుదలలో ఉంది. లోపల ఉన్న డబ్బు పెరిగితే, పెరిగిన దానిలోనూ పావుకు పన్ను ఉండదు. బయటికి తీసి బ్యాంకులో పడేసిన 25,000 మీద వడ్డీ మళ్లీ పన్ను లెక్కలోకి వస్తుంది. ఇంటి లోను తీర్చడానికో, పిల్లల పెళ్లికో నిజంగా కావాలంటే తీసుకోండి. పని లేకుండా తీయడం దండగ. జీవితకాలంలో పన్ను లేకుండా తీసే మొత్తానికి 2,68,275 పౌండ్ల హద్దు ఉంది, చాలామందికి అది అడ్డు రాదు.

అన్ని కంపెనీలూ యు.ఎఫ్.పి.ఎల్.ఎస్. ఇవ్వవు. కొన్ని ఏడాదికి ఒకటో రెండో మాత్రమే అనుమతిస్తాయి, కొన్ని ప్రతిసారీ ఫీజు పట్టుకుంటాయి. లేదంటే ‘కొంచెం కొంచెంగా డ్రాడౌన్‌లోకి మార్చగలరా’ అని అడగండి, ఫలితం ఒకటే. అదీ లేకపోతే ఇచ్చే కంపెనీకి పాట్ మార్చుకోవచ్చు. మార్చేముందు పాత పాలసీలో గ్యారంటీ యాన్యుటీ రేటు (జీవితాంతం ఇచ్చే పెన్షన్‌కు ముందే మాటిచ్చిన రేటు) ఉందేమో చూడండి. అలాంటి గ్యారంటీ ఉన్న పాట్ విలువ 30,000 పౌండ్లు దాటితే, అధికారిక సలహాదారు సలహా తీసుకోకుండా కదపనివ్వరు.

ఒక తలుపు మూసుకుపోతుందని తెలిసి తీయండి

యు.ఎఫ్.పి.ఎల్.ఎస్. తీసినా, డ్రాడౌన్ నుంచి ఆదాయం తీసినా, ఆ రోజు నుంచి ఇలాంటి పెన్షన్లలోకి మీరూ మీ కంపెనీ కలిపి ఏటా 10,000 పౌండ్లకు మించి వేయకూడదు. మించితే ఆ మించిన దానిమీద పన్ను. రిటైరైపోతే ఇదేం బాధ కాదు. ఏడాది విరామం తీసుకుని మళ్లీ కాంట్రాక్టు పనికి వెళ్లే ఐటీ వాళ్లకు మాత్రం ఇది పెద్ద దెబ్బ. డ్రాడౌన్‌లో పావు భాగం మాత్రమే తీసుకుని ఆదాయం ముట్టుకోకపోతే ఈ హద్దు రాదు. అలాగే 10,000 పౌండ్లు మించని చిన్న పాట్‌ను ‘స్మాల్ పాట్’ కింద మొత్తం తీసేసినా రాదు. పర్సనల్ పెన్షన్లలో ఇలా మూడు దాకా తీయవచ్చు.

హద్దు మొదలైందని కంపెనీ మీకు ఉత్తరం పంపుతుంది. అది అందిన 91 రోజుల్లో, డబ్బు ఇంకా వేస్తున్న మిగతా పెన్షన్ కంపెనీలకు మీరే తెలియజేయాలి. మరిచిపోతే 300 పౌండ్ల జరిమానా.

అసలు చిక్కు: ఎమర్జెన్సీ ట్యాక్స్

లెక్కంతా సరిగ్గా వేసుకుని, మే నెలలో 16,760 ఒకేసారి అడిగారనుకోండి. మీ చేతికి వచ్చేది సుమారు 12,725 పౌండ్లే. మిగతా 4,035 పన్ను కింద కోసేస్తారు. మీరు కట్టాల్సింది సున్నా.

ఎందుకిలా? మొదటిసారి డబ్బు ఇస్తున్న కంపెనీ దగ్గర మీ ట్యాక్స్ కోడ్, అంటే ఎంత పన్ను కోయాలో చెప్పే గుర్తు, ఉండదు. అందుకని 1257ఎల్ ఎం1 అనే ఎమర్జెన్సీ కోడ్ వాడుతుంది. ఎం1 అంటే ఈ నెలొక్కటే చూసి లెక్కకట్టు అని. మీకు ప్రతి నెలా ఇంతే వస్తుందని అది అనుకుంటుంది. నెలకు 12,570 వచ్చే మనిషంటే ఏడాదికి లక్షన్నర సంపాదించేవాడే కదా! కాబట్టి అలవెన్సులో పన్నెండో వంతు, సుమారు 1,048 మాత్రమే మినహాయిస్తుంది. తర్వాతి 3,142కి 20 శాతం, ఆ పైన 7,287కి 40 శాతం, మిగిలిన వెయ్యి చిల్లరకు 45 శాతం వేస్తుంది.

దీన్ని తప్పించుకోవడానికి మూడు మార్గాలున్నాయి, నా ఓటు మొదటిదానికే.

ఒకటి, నెలవారీగా తీయడం. నెలకు 1,396 పౌండ్లు పెట్టుకోండి. అందులో ఆదాయం కింద లెక్కయ్యేది 1,047. ఎమర్జెన్సీ కోడ్ ఇచ్చే నెల మినహాయింపు 1,048. ఎం1 కోడ్ ఉన్నా సరే పన్ను సున్నా. ఏప్రిల్ 6 తర్వాత మొదటి చెల్లింపు పడేలా పెట్టుకుంటే పన్నెండు నెలలూ కలిసొస్తాయి.

రెండు, ముందు ఒక చిన్న ముక్క తీయడం. కంపెనీ అనుమతించే కనీస మొత్తం, వంద పౌండ్లయినా సరే. ఆ చెల్లింపు వివరం బ్రిటన్ పన్ను శాఖ హెచ్‌ఎంఆర్‌సీకి చేరుతుంది, కొన్ని వారాల్లో వాళ్లు కంపెనీకి సరైన కోడ్ పంపుతారు. హెచ్‌ఎంఆర్‌సీ యాప్‌లో చూస్తూ ఉండండి. ఆ పెన్షన్ కంపెనీ పేరు పక్కన ఎం1 లేకుండా వట్టి 1257ఎల్ కనబడ్డాక పెద్ద ముక్క అడగండి.

అయితే ఇక్కడే చాలామంది రెండోసారి దెబ్బతింటారు. వట్టి 1257ఎల్ వచ్చినా అది ఏప్రిల్ నుంచి ఆ నెల దాకా పోగైన అలవెన్సునే ఇస్తుంది. సెప్టెంబరు చివర్లో మొత్తం తీశారంటే అప్పటికి పోగైంది సగమే, సుమారు 6,285. మిగతా 6,285 మీద 20 శాతం, అంటే 1,257 పౌండ్లు పట్టేస్తారు. అందుకే మూడో మార్గం: చిన్న ముక్క జనవరిలో, పెద్ద ముక్క మార్చి 6 తర్వాత. పన్ను సంవత్సరపు పన్నెండో నెల మార్చి 6న మొదలవుతుంది. అప్పటికి అలవెన్సు మొత్తం పోగై ఉంటుంది.

మార్చి చివరి వారం దాకా మాత్రం లాగకండి. ఫండ్లు అమ్మి నగదు చేయడానికి కొన్ని రోజులు పడుతుంది, కొన్నేళ్లు ఈస్టర్ సెలవులు కూడా ఆ రోజుల్లోనే వస్తాయి. మీరు ఫారం పంపిన తేదీ కాదు, కంపెనీ డబ్బు చెల్లించిన తేదీయే లెక్క. ఏప్రిల్ 7న పడితే ఈ ఏటి అలవెన్సు పోయినట్టే, వచ్చే ఏటిది ఇప్పుడే ఖర్చయినట్టే.

ఉద్యోగం మానేసిన ఏడాది ఇంకో తంటా. హెచ్‌ఎంఆర్‌సీ రికార్డులో మీ పాత ఉద్యోగం ఇంకా నడుస్తున్నట్టే ఉంటే, అలవెన్సు మొత్తం దానికే కట్టేసి, పెన్షన్‌కు బీఆర్ కోడ్ వేస్తారు. అంటే మొదటి పౌండు నుంచే 20 శాతం. ఉద్యోగం మానేసినప్పుడు పాత కంపెనీ ఇచ్చే పి45 చేతికి రాగానే పెన్షన్ కంపెనీకి పంపండి. ఆన్‌లైన్ పర్సనల్ ట్యాక్స్ అకౌంట్‌లోకి వెళ్లి ఉద్యోగం ముగిసిందని, పెన్షన్ నుంచి ఈ ఏడాది వచ్చే ఆదాయం ఎంతో మీరే సరిచేయండి. అక్కడ రాయాల్సింది పన్ను లెక్కలోకి వచ్చే 75 శాతం మాత్రమే. కొన్నిసార్లు మీరు ఒక్కసారి తీసినదాన్ని నెలనెలా వచ్చేదిగా అంచనా వేసి అక్కడ పెద్ద అంకె పెట్టేస్తారు. అదీ చూసి దిద్దాలి.

కోసేశారు, ఇప్పుడేం చేయాలి?

ఆ డబ్బు ఎక్కడికీ పోదు. సంవత్సరం ముగిశాక హెచ్‌ఎంఆర్‌సీ లెక్క సరిచూసి తిరిగి ఇస్తుంది. అంతదాకా ఆగలేకపోతే ఫారం పెట్టండి, ఏ ఫారం అన్నదే ముఖ్యం. పాట్‌లో ఇంకా డబ్బుంది, ఈ ఏడాది మళ్లీ తీయరు అంటే పి55. పాట్ మొత్తం ఖాళీ చేశారు, వేరే ఉద్యోగమో పెన్షనో కూడా ఉంది అంటే పి53జెడ్. ఖాళీ చేశారు, ఇంకే ఆదాయమూ లేదు అంటే పి50జెడ్. స్మాల్ పాట్ కింద తీసినదైతే పి53. నెలవారీగా తీస్తూ ఉంటే ఫారం అక్కర్లేదు, సరైన కోడ్ రాగానే తర్వాతి చెల్లింపులోనే ఎక్కువ కోసింది కలిపి ఇస్తారు.

ఇండియా అద్దె ఉన్నవాళ్లు సాధారణంగా సెల్ఫ్ అసెస్‌మెంట్ రిటర్ను ఎలాగూ వేయాలి, అందులోనూ తేలిపోతుంది.

డబ్బు ఇప్పుడు అవసరం లేకపోయినా తీయాలా?

చాలామంది విషయంలో నా జవాబు ‘తీయండి’ అనే. కారణం స్టేట్ పెన్షన్. 2026-27లో పూర్తి కొత్త స్టేట్ పెన్షన్ వారానికి 241.30 పౌండ్లు, ఏడాదికి 12,547.60. అది మొదలయ్యాక అలవెన్సులో మిగిలేది 22 పౌండ్ల 40 పెన్నీలు. పాట్ నుంచి పన్ను లేకుండా తీయగలిగేది ఏడాదికి 30 పౌండ్లు కూడా కాదు! స్టేట్ పెన్షన్‌ను పన్ను కోయకుండానే ఇస్తారు. అందుకని దాని తాలూకు కోత కూడా మీ ప్రైవేటు పెన్షన్ కోడ్ మీదే పడుతుంది. 1961 మార్చి 6 నుంచి 1977 ఏప్రిల్ 5 మధ్య పుట్టినవాళ్లకు స్టేట్ పెన్షన్ 67కు. కాబట్టి ఉద్యోగం మానేసిన రోజుకూ 67కూ మధ్య ఉన్న ఏళ్లే ఈ లెక్కకు బంగారు కాలం. అప్పుడు తీయని పౌండు ఆ తర్వాత 20 శాతం కోతతో బయటికొస్తుంది, పావు భాగం కలిపి చూసినా వందకు 15 పోతాయి. స్కాట్లండ్‌లో అలవెన్సు ఇదే గానీ, గీత దాటాక రేట్లు వేరు, 19 శాతంతో మొదలవుతాయి.

తీసిన డబ్బు అక్కర్లేకపోతే ఐసాలో వేయండి. మనిషికి ఏటా 20,000 దాకా వేయవచ్చు, ఆ తర్వాత పెరుగుదలకూ పన్ను లేదు, తీసినా లేదు. ‘పెన్షన్‌లో ఉంటే పిల్లలకు వారసత్వ పన్ను లేకుండా పోతుంది’ అని మిగుల్చుకునే పాత సలహా కూడా 2027 ఏప్రిల్ 6 నుంచి చెల్లదు. ఆ రోజు నుంచి వాడని పెన్షన్ కూడా ఆస్తి లెక్కలో కలుస్తుంది. తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వమిచ్చే యూనివర్సల్ క్రెడిట్ తీసుకుంటున్నవాళ్లు మాత్రం ఆగండి. స్టేట్ పెన్షన్ వయసుకు ముందు పాట్‌లో కదలకుండా ఉన్న డబ్బును లెక్కించరు, బయటికి తీసినదాన్ని లెక్కిస్తారు.

ఇంకో చిన్న లాభం ఉంది. సంపాదన లేకపోయినా 75 ఏళ్లు నిండేదాకా ఏటా 2,880 పౌండ్లు పెన్షన్‌లో వేస్తే ప్రభుత్వం 720 కలిపి 3,600 చేస్తుంది. మీ అలవెన్సులో చోటుంటే ఆ 3,600ను పన్ను లేకుండా తీసుకోవచ్చు. ఉద్యోగం చేయని భార్యకో భర్తకో పాట్ లేకపోతే, ముందు నుంచే ఇలా వేస్తూ వస్తే రెండో అలవెన్సు కూడా ఖాళీగా పోదు.

ఇండియా తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే

ఈ లెక్కంతా బ్రిటన్‌లో ఉన్నంతవరకే. ఇండియాలో పూర్తి నివాసి అయ్యాక, రెండు దేశాల ఒప్పందం ప్రకారం ప్రైవేటు పెన్షన్ మీద పన్ను వేసే హక్కు ఇండియాది. ఇక్కడ పన్ను లేని పావు భాగాన్ని అక్కడి చట్టం అలాగే చూస్తుందనుకోకండి. కాబట్టి టికెట్ కొనేముందే, ఇక్కడ ఉన్న ఏళ్లలో అలవెన్సు మేరకు తీసి పెట్టుకోవడం మేలు. వెళ్లాక కూడా పాట్ మిగిలి ఉంటే రెండు దేశాల పన్నులూ తెలిసిన ఆడిటర్‌తో కూర్చోండి. స్టేట్ పెన్షన్ ఇండియాకూ పంపుతారు గానీ అక్కడ ఏటేటా పెంచరు. మొదలైనప్పుడు వారానికి ఎంతో, అక్కడున్నన్నాళ్లూ అంతే.